ఏం జరిగితే మేడమ్

మొన్న మా బార్ అసోసియేషన్ హాల్లో సంతాప సభ జరుగుతుంటే నేను నవ్వాను. పైకి వినబడేలాగానే నవ్వాను. అందరూ లేచి నిలబడి, తలలు వంచుకుని మౌనం పాటిస్తున్నారు అప్పుడు.

ఏం చెయ్యను? మౌనానికి ముందు మా సెక్రటరీ, కుర్రవాడు, ఫోన్లో రాసుకొచ్చిన తీర్మానం ఇంగ్లీషులో చదివాడు. చివరి వాక్యం "హర్ సర్వీసెస్ వుడ్ బి రిమెంబర్డ్ ఫరెవర్" అని ముగించాడు. ఆ "వుడ్" దగ్గర ఎవరి కోసం సభ పెట్టామో ఆవిడ గొంతే నా చెవి పక్కన వినబడింది: "ఏం జరిగితే, నాయనా?"

మా కోర్టులో తిరిగేవాళ్లందరికీ తెలిసిన ప్రశ్న అది. "రేపు వస్తాను" అని ఇంగ్లీషులో చెప్పాలంటే మావాళ్లు "ఐ విల్ కమ్" అనరు. మరీ మొరటుగా ఉంటుందని "ఐ వుడ్ కమ్" అంటారు. ఆవిడ లెక్కలో అది "వద్దును" అన్నట్టు, అంటే వచ్చేవాణ్ణే గానీ రాను అని. వద్దును గానీ కాళ్లనొప్పులు, వద్దును గానీ బస్సు లేదు. అందుకని ఎవరు "వుడ్" అన్నా ఆవిడ కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, ఎంతో శ్రద్ధగా, వెటకారం అన్నది లేకుండా, "ఏం జరిగితే?" అని అడిగేవారు. అలా ఆవిడకి "ఏం జరిగితే మేడమ్" అని పేరు స్థిరపడిపోయింది.

తలెత్తి చూస్తే వెనక వరసలో మా గుమాస్తా భుజాలు కూడా కదులుతున్నాయి. మౌనం అయ్యాక సెక్రటరీ దగ్గరికి వెళ్లి, "ఆ వుడ్ తీసేసి విల్ పెట్టు బాబూ. గుర్తుంచుకోవడానికి మనకి షరతులేం లేవు కదా" అన్నాను. అతను కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ మార్చాడు. ఆ సంగతి అంతటితో సరి. ఆవిడ మాత్రం ఆ రోజంతా నా వెంటే తిరిగారు.

అనకాపల్లిలో ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ. రిటైరయ్యాక ఊరుకోకుండా రోజూ వైజాగ్ రైలెక్కి లా చదివారు. కాలేజీ కుర్రాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల చేత "ఆంటీ" అనిపించుకుని, పట్టా తెచ్చుకుని, నల్లకోటు కుట్టించుకుని, ఒకరోజు పొద్దున్నే నా ఆఫీసు గుమ్మంలో నిలబడ్డారు.

"మీ దగ్గర జూనియర్‌గా చేరొచ్చా అండీ?"

ఆవిడ వయసు మా అమ్మ వయసు. నేను కంగారుపడి లేచి, "మీరు నాకు జూనియర్‌గా చేరడమేంటండీ!" అన్నాను.

"ఎన్‌రోలైంది నిన్నగాక మొన్న కదమ్మా, జూనియర్నే. చేరొచ్చా అని అడుగుతున్నాను. చేరగలనా అని అడగలేదు. చేరగలను, ఆ సంగతి నాకు తెలుసు."

ఆ మాటతోనే చేరిపోయారు. కోర్టు గుమ్మం లోపల నన్ను "సీనియర్ గారూ" అనేవారు. గుమ్మం దాటి రోడ్డు మీదికి రాగానే "ఏటమ్మాయ్, ఆకలెయ్యట్లేదా?" అనేవారు. మా గుమాస్తాకి మొదట్లో ఇద్దరు మేడమ్‌లతో తికమకైపోయి, చివరికి నన్ను మేడమ్ అనీ ఆవిణ్ణి పెద్దమేడమ్ అనీ సర్దుకున్నాడు. జీతమిచ్చేది మేడమ్, భయపడేది పెద్దమేడమ్‌కి.

ఈ వయసులో లా ఎందుకు చదివారని ఎవరైనా అడిగితే ఆవిడ దగ్గర ఒకటే జవాబు. "బడిలో ఏళ్ల తరబడి ‘ఇఫ్ ఐ వర్ ఎ బర్డ్’ అని చెప్పేను. ఒక్క పిల్లా పిట్ట కాలేదు. కోర్టులో అయితే ఇఫ్‌కి పనుంటుంది."

పని ఉన్నమాట నిజమే. నేను రాసిన ఒక బెయిలు పిటిషన్ చూసి మొదటివారంలోనే పెన్సిల్ తీశారు. "ముద్దాయి సాక్షుల జోలికి వెళ్లడు" అని రాయాల్సిన చోట నేనూ అందరిలాగే "వుడ్ నాట్ టాంపర్" అని రాశాను. "అమ్మాయ్, నువ్వు మీ క్లయింటుకి బెయిలడుగుతున్నావా, అవకాశమొస్తే ఏం చేస్తాడో జడ్జిగారికి జాతకం చెబుతున్నావా?" అని అడిగారు. నేను నవ్వాను. అది మొదలు నా పిటిషన్లు ఏవీ ఆవిడ పెన్సిల్ తప్పించుకు పోలేదు.

"మస్ట్" అంటే ఆవిడకి ఇంకో రకం గొడవ. "ఆ మాటకి రెండు మొహాలుంటాయి. ‘యు మస్ట్ గో’ అంటే వెళ్లి తీరాలి. ‘హి మస్ట్ హావ్ గాన్’ అంటే వెళ్లే ఉంటాడు. ఒకటి ఆర్డరు, ఒకటి ఊహ. ఊహని ఆర్డరేసినంత గట్టిగా చెప్పడానికే ఆ మాట పుట్టింది. ఎవడైనా ‘మస్ట్ హావ్’ అన్నాడంటే, వాడు చూడలేదన్నమాటే. చూసినవాడికి మస్ట్ ఎందుకు?"

ఈ పట్టింపు కోర్టులోనే ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. గవరపాలెంలో ఆవిడ ఇంటి వైపు సముద్రపు ఊళ్ల నుంచి ఒకామె చేపల గంప తెచ్చేది. ఒక ఆదివారం నేను అక్కడే ఉన్నాను.

"తాజా చేపేనా?" అన్నారు పెద్దమేడమ్.

"తాజాదేనమ్మా. తెల్లారగట్ల పడుంటాది."

"పడిందా? పడుంటాదా?"

చేపలామె గంప దించుకుని నడుం మీద చెయ్యేసుకుంది. "నాను పట్టేనేటమ్మా? మా ఆయన పట్టేడు. నాను ఒడ్డునుండేను. తెప్ప ఒడ్డుకొచ్చినాక సూసేను. అందుకే పడుంటాదన్నాను. పడిందని సెప్తే అబద్దమాడినట్టు కాదేటి?"

పెద్దమేడమ్ మొహం వెలిగిపోయింది. ఆ చేప రేటు మీద ఒక్క మాట కూడా బేరమాడలేదు. లోపలికొచ్చి చేప శుభ్రం చేస్తూ, "ఈమెని సాక్షిగా బోనులో నిలబెడితే ఏ లాయరూ కదపలేడమ్మాయ్" అని మూడుపూటలా అదే చెప్పారు.

ఒక్క మాట మాత్రం ఆవిడ నోటెంట నేనెప్పుడూ వినలేదు. "ముందే రావలసింది." మా వృత్తిలో రోజూ పలికే మాట అది. గడువు దాటాక కాగితాలు పట్టుకుని వచ్చినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టక ముందే మేం అందరం "ముందే రావలసింది కదయ్యా" అంటాం. ఆవిడ అనేవారు కాదు. ఒకసారి నేను అలా అంటుంటే, క్లయింటు వెళ్లాక నెమ్మదిగా అన్నారు: "‘షుడ్ హావ్’ అన్నది మనిషిని వీపు మీద కొట్టే మాటమ్మా. అతను వెనక్కి తిరిగి ఏం చెయ్యగలడు? ఇప్పుడొచ్చేడు కదా. అక్కణ్ణుంచి మొదలెడదాం."

ఇదంతా చెప్పడం ఎందుకంటే, ఆవిడ చాదస్తాన్ని మేం అందరం చాదస్తంగానే తీసుకున్నాం. ముద్దుగా ఉండే చాదస్తం. చీడికాడ వైపు నుంచి ఆ చెరుకు కేసు వచ్చేదాకా.

కేసు పెద్దదేం కాదు. ఒక చిన్న రైతు, నలభై ఏళ్లవాడు, వాళ్ల అక్క మొగుడి చెరుకు తోటకి నిప్పు పెట్టాడని ఆరోపణ. బావామరుదులిద్దరివీ పక్కపక్క పొలాలు. బావమరిది చెరుకు రోడ్డెక్కాలంటే బావ పొలం అంచున ఉన్న దారిన ట్రాక్టరు వెళ్లాలి. ఆ ఏడు ఏదో మాటా మాటా వచ్చి బావ ఆ దారి కూడా దున్నించి చెరుకు నాటేశాడు. బావమరిది పంట చేతికొచ్చింది గానీ బయటికి వెళ్లే దారి లేదు. ఇద్దరూ ఊళ్లో అందరి ముందూ తిట్టుకున్నారు. ఆ తర్వాత ఒక సాయంత్రం బావ తోట అంటుకుని సగానికి పైగా కాలిపోయింది. జనం వచ్చేసరికి బావమరిది అక్కడే ఉన్నాడు. రెండు అరచేతులూ కాలి ఉన్నాయి.

"పొగ సూసి ఆర్పడానికెల్లేనమ్మా" అన్నాడు మాతో. పోలీసులు నమ్మలేదు. గొడవ ఉంది, మనిషి అక్కడే దొరికాడు, చేతులు కాలాయి. ఇంకేం కావాలి?

స్థలం చూద్దామని ఆటో కట్టించుకుని మేమిద్దరం ఆ ఊరు వెళ్లాం. దారిలో చెరుకు లోడులకి తప్పుకుంటూ ఆటో ఆగి ఆగి నడుస్తోంది. పెద్దమేడమ్ ఆ కుదుపుల్లోనే నాకు పాఠం మొదలెట్టారు.

"మన తెలుగులో ఒక వింతుందమ్మాయ్. ‘మా నాన్న రోజూ బెల్లం మార్కెట్‌కి వచ్చేవాడు’ అన్నాననుకో. వచ్చేడా, రాలేదా?"

"వచ్చాడు."

"‘ఆ రోజు బస్సు దొరికితే వచ్చేవాడు.’ వచ్చేడా?"

"రాలేదు."

"చూసేవా! మాట ఒకటే. ఒకచోట వందసార్లు జరిగింది, ఇంకోచోట ఒక్కసారీ జరగలేదు. ఇంగ్లీషులో వుడ్ కూడా అచ్చం ఇంతే. ‘హి వుడ్ కమ్ ఎవ్రీ డే’ అంటే వచ్చేవాడు. ‘హి వుడ్ హావ్ కమ్’ అంటే వచ్చేవాడే గానీ రాలేదు. ఎక్కడో ఉన్న ఆ దేశంవాళ్లకీ మనకీ ఈ ఒక్క విషయంలో ఒకే బుద్ధి ఎలా పుట్టిందో!"

ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి, "మరెలా తెలుత్తాదమ్మా, వచ్చేడో రానేదో?" అని అడిగాడు.

"ముందు మాట వినాలి నాయనా. ‘అయితే’ అని ఉందేమో వినాలి. నువ్వు ముందు రోడ్డు చూడు."

విచారణ రోజు వచ్చింది. ప్రాసిక్యూషన్ తరఫున అసలైన సాక్షి ఒక ముసలామె. ఆ పొలాల గట్ల మీద గేదెను మేపుకుంటుంది. ఆ ముసలామె ఏం చూసిందన్నదాని మీదే కేసు నిలబడి ఉంది. మేజిస్ట్రేటు గారు వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చినవారు. ఓపికున్న మనిషి. కాకపోతే మా వైపు మాట వేగం ఇంకా ఆయన చెవికి పట్టలేదు. సాక్షి తెలుగులో చెబుతుంటే ఆయన ఇంగ్లీషులోకి తిప్పి టైపిస్టుకి చెబుతున్నారు.

ప్రభుత్వం తరఫు లాయరుగారు అడిగారు, "ఇతను నీకు తెలుసా అవ్వా?"

"తెలవకపోడమేటి బాబూ. రోజూ ఆ గట్టు మీదే కూకోని సుట్ట కాల్సేవోడు. ఆకులెండిపోనాయిరా, నిప్పంటుకుంటాదిరా అని నానరిసేదాన్ని. ఆయేల కూడా సూసుంటే అరిసేదాన్ని."

గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మేజిస్ట్రేటు గారు ఒక క్షణం ఆలోచించి టైపిస్టు వైపు తిరిగారు. "డైలీ హి వుడ్ స్మోక్ ఆన్ ది బండ్. ఐ వుడ్ షౌట్ ఎట్ హిమ్. ఆన్ దట్ డే ఆల్సో ఐ వుడ్ హావ్ సీన్ అండ్ షౌటెడ్."

టకటకమని టైపైపోయింది. ప్రభుత్వ లాయరుగారు తృప్తిగా కాగితం తిప్పారు. ఆయన తృప్తికి కారణముంది. మా కోర్టుల ఇంగ్లీషులో "వుడ్ హావ్ సీన్" అంటే "చూసే ఉంటాను" అని అర్థం. రేపు వాదనల రోజున ఆ కాగితం చదివితే, ముసలామె ఆ రోజు కూడా మనవాణ్ణి నిప్పుతో చూసిందీ, అరిచిందీ అనే తేలుతుంది.

నాకు ఆ క్షణంలో అది తట్టలేదు. నేను నా ప్రశ్నలు చూసుకుంటున్నాను. నా పక్క కుర్చీ కిర్రుమంది. నా దగ్గర చేరినప్పట్నుంచీ మేజిస్ట్రేటు ఎదుట ఒక్కసారీ నోరెత్తని పెద్దమేడమ్ లేచి నిలబడి ఉన్నారు.

"యువర్ ఆనర్, చిన్న మనవి. చివరి వాక్యంలో ఇఫ్ పడలేదు."

మేజిస్ట్రేటు గారు కాగితం దగ్గరగా పెట్టుకుని చూశారు. "ఆమె అరిచేదాన్ని అని రెండుసార్లు చెప్పింది కదమ్మా. రెండుచోట్లా వుడ్ అనే వేయించాను."

"మాట ఒకటే యువర్ ఆనర్. మొదటిసారి అరిచింది. రెండోసారి అరవలేదు. చూసుంటే అరిచేదాన్ని అన్నాది సాక్షి. చూడలేదు గనక అరవలేదు."

"అబ్జెక్షన్!" అంటూ ప్రభుత్వ లాయరుగారు లేచారు. "ఇది కోర్టు, గ్రామరు క్లాసు కాదు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దమేడమ్ చెయ్యి బల్ల అంచు పట్టుకుని ఉంది. నేనప్పుడు చూశాను, ఆవిడకి భయమేస్తోంది. క్లాసులో ఎంతమంది పిల్లలనైనా నిలబెట్టి చెప్పిన మనిషికి! కానీ కూర్చోలేదు.

"నేను చెప్పిందే నిజమని అనను యువర్ ఆనర్. సాక్షి ఇక్కడే ఉంది. అడిగితే చెబుతుంది."

మేజిస్ట్రేటు గారు బోను వైపు తిరిగారు. "అవ్వా, ఆ రోజు నువ్వు అరిచావా?"

ముసలామె ఆయన్ని విచిత్రంగా చూసింది. "సూడందే ఏటని అరుత్తాను బాబూ? నాకు పనీపాటా నేదేటి?"

హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాపుకుని, "అయితే ఇతను నిప్పు పెట్టడం చూడలేదా?" అని అడిగారు.

"నాను సూసేసరికే మంట నిలువెత్తునున్నాది. ఈడు పచ్చిమండ తోటి దాన్ని బాదుతన్నాడు."

"ఎందుకు బాదుతున్నాడు?"

"ఏమో బాబూ, ఆడి మనసులో ఏటుందో నాకేటి తెలుసు? అయినా మంటని ఎలిగించడానికి బాదుతారేటి ఎవులైనా?"

మేజిస్ట్రేటు గారు తన వాక్యం తనే కొట్టేయించారు. "ఐ డిడ్ నాట్ సీ. ఐ డిడ్ నాట్ షౌట్" అని చెప్పి, ఆ తర్వాతవి కూడా ఒక్కొక్కటే, ముసలామెని మళ్లీ మళ్లీ అడిగి రాయించారు. నా ప్రశ్నలకి ఇక పెద్దగా పని లేకపోయింది. కోర్టు లేచాక మా జూనియర్లు ఆవిడ చుట్టూ మూగారు. ఆవిడ మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఆ దిద్దిన కాగితం నకలు తీయించమ్మాయ్, ఇంకో వుడ్ ఉందేమో చూద్దాం" అన్నారు.

మరికొన్ని వాయిదాల తర్వాత కేసు కొట్టేశారు.

తీర్పొచ్చిన కొద్దిరోజులకి మధ్యాహ్నం పూట ఆ రైతు మా ఆఫీసుకి వచ్చాడు. ఒక బెల్లం దిమ్మ తెచ్చి బల్ల మీద పెట్టాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నా వైపు చూడకుండా పెద్దమేడమ్ ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"అమ్మా, మీకో మాట సెప్పాల. సెప్పకపోతే అన్నం సయించటం నేదు."

"చెప్పు నాయనా."

"ఆయేల నాను కాల్సేవోణ్ణే అమ్మా."

పెద్దమేడమ్ తలూపారు. "తెలుసు కదా. రోజూ ఆ గట్టు మీదే కాల్చేవాడివని అవ్వ చెప్పింది."

"సుట్ట కాదమ్మా," అన్నాడతను. "సెరుకు."

మా గుమాస్తా చేతిలో ఫైలు అలాగే ఆగిపోయింది. నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

అతను తల వంచుకుని చెప్పుకుపోయాడు. ఆ సాయంత్రం ఇంట్లోంచి బయల్దేరింది పొగ చూసి కాదు. అగ్గిపెట్టె జేబులో వేసుకుని, బావ తోట తగలబెట్టడానికే బయల్దేరాడు. దారి మూసేసిన రోజు నుంచీ లోపల రగులుతూనే ఉన్నాడు. తీరా అక్కడికి వెళ్లేసరికి తోట అవతలి కొస అప్పటికే అంటుకుని ఉంది. ఎలా అంటుకుందో అతనికీ తెలియదు.

"కేసు కొట్టేసినప్పుడు మా అక్క నా సేతులట్టుకుని ఏడిసిందమ్మా, నా తమ్ముడు అలాటోడు కాడని నాకు తెలుసని. అప్పట్నించీ మనసు మనసులో నేదు. నాను తప్పు సేసినట్టా, సెయ్యనట్టా? మీరు సదువుకున్నోరు, సెప్పండి."

కోర్టులో అయితే జవాబు నాకు తెలుసు. అతను అడుగుతున్నది అది కాదని కూడా తెలుసు. పెద్దమేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నువ్వెళ్లేసరికి అంటుకోకపోయుంటే?"

"కాల్సేవోణ్ణే అనుకుంటన్నానమ్మా."

"అనుకుంటున్నావు. సరే. అంటుకున్నది చూసి ఏం చేసేవు?"

"ఏటి సేత్తాను? ఆర్పేను."

"ఎందుకు? కాలాలనే కదా వెళ్లేవు? నీ చెయ్యి పడకుండానే కాలిపోతోంది. చక్కా చూస్తూ నిలబడొచ్చు. లేదా వెనక్కొచ్చెయ్యొచ్చు. మండ ఎందుకు విరిచేవు?"

అతను ఆవిడ వైపు అయోమయంగా చూశాడు. అంత తెలివైన మనిషి ఇంత తెలివితక్కువ ప్రశ్న అడిగిందేమిటన్నట్టు.

"అలగెలా నిలబడతానమ్మా? సెరుకు కదా. కాలిపోతన్నాది."

ఆ మాట అన్నాక అతనికే ఏదో తట్టినట్టు ఆగిపోయాడు. అరచేతులు తిప్పి చూసుకున్నాడు. అక్కడక్కడ చర్మం ఇంకా గులాబీ రంగులో ఉంది.

"నువ్వు కాల్చేవాడివో కాదో నాకు తెలీదు" అన్నారు పెద్దమేడమ్. "నీకూ తెలీదు. అది జరగలేదు గనక ఎప్పటికీ ఎవరికీ తెలీదు. అగ్గిపెట్టె పట్టుకెళ్లేవు, అది జరిగింది. దానికి బాధపడు, తప్పులేదు. మంట ఆర్పేవు. అదీ జరిగింది. రెండూ నువ్వే. జరగని దాన్ని కూడా నెత్తినేసుకుని మొయ్యకు."

అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి, "మా బావకి సెప్పీమంటారా అమ్మా?" అని అడిగాడు.

"చెప్పి తీరాలి అని నేననను. చెప్పొచ్చు. ఆపైన నీ ఇష్టం."

అతను వెళ్లాక గుమాస్తా ఉండబట్టలేక, "సెప్తే ఆ బావ మళ్లీ కేసెడతాడు పెద్దమేడమ్! ఈడెందుకు సెప్తాడు?" అన్నాడు. ఆవిడ బెల్లం ముక్క విరిచి నోట్లో వేసుకుని, "చెప్పడనే అనుకుంటున్నాను" అన్నారు. ఆ పూటంతా ఆవిడ మరే కాగితమూ ముట్టుకోలేదు. కిటికీ లోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నారు. వాడు చెప్పి మళ్లీ కొంపలంటిస్తాడేమో, తాను ఊరుకోమంటే బాగుండేదేమో అని ఆవిడ మథనపడుతున్నారని నాకు సాయంత్రం ఆటో ఎక్కించేటప్పుడు గానీ తెలియలేదు.

"పొరపాటు చేసేనేటమ్మాయ్?" అని అడిగారు. ఆవిడ నన్ను సలహా అడగడం అదొక్కసారే.

తర్వాతి ఏడు చెరుకు కొట్టే రోజుల్లో ఆ రైతు ఫోన్ చేశాడు. "పెద్దమ్మగారిని తీసుకుని మీరు ఒకపాలి రావాల. మా అక్క బోయనానికి పిలిసింది" అన్నాడు. ఇద్దరం వెళ్లాం. పెద్దమేడమ్ దారంతా, ఏదో వినవలసి వస్తుందని సిద్ధపడుతున్నట్టు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు.

పొలం దగ్గర బావామరుదులిద్దరూ గట్టు మీద నిలబడి ఉన్నారు. బావగారిని నేను కోర్టులో చూసినప్పుడు మా వైపు చూడటానికి కూడా ఇష్టపడని మనిషి. ఇప్పుడు చెప్పులు విడిచి రెండు చేతులూ జోడించాడు.

"ఈడు సెప్పేసేడమ్మా" అన్నాడు. "అగ్గిపెట్టె సంగతి. మా ఇంటికొచ్చి, మా ఆడదాని ముందే సెప్పేడు. నాకు ఒల్లు మండిపోనాది. నరికేద్దునన్నంత కోపమొచ్చింది."

"మరి?" అన్నారు పెద్దమేడమ్.

"మరేటమ్మా, రెండు దినాలు మాటాడనేదు. అన్నం కాడ కూకుంటే అదే ఆలోసన. ఆడి దారిలో నాను సెరుకేసేసేను. నా దారిలో ఆడేసుంటే నానూరుకుందునా? నానూ కాల్సేవోణ్ణే."

"నువ్వు కాల్సేవోడివి కాదులే బావా" అన్నాడు బావమరిది పక్కనుంచి. "నీకు ఈదురు గాల్లో అగ్గిపుల్ల గియ్యడమే రాదు."

బావగారు కసురుకోబోయి నవ్వేశాడు. వాళ్ల అక్క ఎక్కడో వెనక నుంచి, "ఆలని ఎండలో నిలబెట్టి ఏటా కబుర్లు, ఇంటికి తీసుకురండి!" అని కేకేసింది. పెద్దమేడమ్ కూడా నవ్వుతున్నారు. నవ్వుతూనే కళ్లజోడు తీసి కొంగుతో అద్దాలు తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు.

అప్పుడే వెనక హారన్ మోగింది. చూస్తే మేం నిలబడ్డది గట్టు కాదు, రెండు పొలాల మధ్య కొత్తగా చదును చేసిన దారి. చెరుకు లోడుతో ట్రాక్టరు వస్తోంది. బావగారు మా ఇద్దర్నీ చెయ్యడ్డం పెట్టి పక్కకి జరిపాడు. బావమరిది చెరుకు, ఆకులు దుమ్ములో ఈడ్చుకుంటూ, బావ పొలం అంచు వెంట రోడ్డెక్కింది.